హైదరాబాదు నగర దర్శనం : పేట పేటకూ ఒక చరిత్ర
(ప్రత్యేక వ్యాసం)

నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర కలిగిన హైదరాబాదు నగరం దేశ విదేశీ సందర్శకులను విశేషంగా ఆకర్షిస్తున్నది. అయితే నగరానికి వచ్చే సందర్శకులలో అత్యధికులు ఒకటి రెండు రోజుల వ్యవధిలో చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, మాదాపూర్ అద్దాల మేడల మీదుగా తిరుగు ప్రయాణమవుతున్నారు. పాతబస్తీ ఒకటి, కొత్త నగరం ఒకటి అన్న అభిప్రాయంతోనే వారు వెళుతున్నారు. వాస్తవానికి హైదరాబాదు ఒక్కసారిగా వెలసిన నగరం కాదు. కోట అవసరం కొద్దీ ఒక పేట, వర్తకం కొద్దీ మరొక పేట, సైనిక స్థావరం కొద్దీ ఒక జంట నగరం, వరద విపత్తు తర్వాత ఒక నదీతీర భవన శ్రేణి, సాఫ్ట్‌వేర్ పరిశ్రమతో ఒక కొత్త శివారు - ఈ విధంగా విడివిడిగా ఏర్పడి కాలక్రమేణా కలిసిపోయిన ప్రాంతాల సముదాయమే నేటి మహానగరం.

ఈ ప్రాంతాలన్నింటినీ కలిపే సూత్రం ఒకటున్నది. అది నీరు. ప్రతి ప్రాంతమూ ఏదో ఒక చెరువునో, నదినో, జలాశయాన్నో ఆశ్రయించి పెరిగినదే. పేటలను అవి పుట్టిన వరుసలో సందర్శించినట్లయితే నగర నిర్మాణ క్రమం సులభంగా అవగతమవుతుంది. నగర సంబంధ వార్తలు రాసే పాత్రికేయులకు, అతిథి బృందాల వెంట వెళ్లే అధికారులకు ఉపయుక్తంగా ఉండగలదన్న ఉద్దేశంతో ఆ క్రమంలోనే వివరాలు ఈ దిగువన పొందుపరచడమైనది.

గోల్కొండ - కార్వాన్ :

నగర చరిత్ర నగరానికి పడమర దిక్కున గల గోల్కొండలో ప్రారంభమవుతుంది. కాకతీయుల కాలంలో మట్టికోటగా ఉన్న ఈ దుర్గం తదనంతరం బహమనీ సుల్తానుల ఆధీనంలోకి వచ్చింది. 1518లో సుల్తాన్ కులీ స్వతంత్ర పాలన ప్రారంభించడంతో ఇది కుతుబ్‌షాహీల రాజధానిగా మారి రాతికోటగా రూపుదిద్దుకున్నది. ప్రవేశద్వారపు గోపురం కింద చరిచిన చప్పట్లు కొండ శిఖరాన గల బాలాహిస్సార్ వరకు వినిపించే ఏర్పాటు సందర్శకులందరికీ తెలిసినదే. అంతగా ప్రచారంలో లేని మరో విశేషం కోట నీటి సరఫరా. దిగువ నుండి అంచెలంచెలుగా నీటిని పైకి తోడి, మట్టి గొట్టాల ద్వారా అంతఃపురాలకు, తోటలకు అందించేవారు. కొన్ని గోడలలో ఆ గొట్టాల ఆనవాళ్లను నేటికీ చూడవచ్చు. కోటకు నీరందించిన చెరువులలో ముఖ్యమైనది దుర్గం చెరువు. ఈ పేరును సందర్శకులు గుర్తుంచుకోవలసి ఉన్నది. యాత్ర చివరలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

గోల్కొండ పేరు వజ్రాలతో ముడిపడి ఉన్నది. కోటలో గనులు ఉండేవన్న అభిప్రాయం కొందరిలో ఉన్నప్పటికీ అది సరికాదు. కొల్లూరు మొదలైన గనులు కృష్ణా తీరంలో ఉండేవి. గోల్కొండ రాజ్యం వాటి పాలనా కేంద్రం, వ్యాపార కేంద్రం. కోట నుండి తూర్పుగా మూసీ వైపు సాగే దారిలో వర్తకుల బిడారులు విడిది చేసిన ప్రదేశమే నేటి కార్వాన్. ఆ ప్రాంతంలో 1671లో నిర్మితమైన తోలీ మసీదు తన సున్నపు గచ్చు పనితనంతో విశేష ప్రాముఖ్యం కలిగి ఉన్నది. ప్రధాన రహదారికి సమీపంలోనే ఉన్నప్పటికీ పర్యాటకుల రాక ఇక్కడ తక్కువే.

కోటకు సమీపంలో గల కుతుబ్‌షాహీ సమాధుల సముదాయంలో 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖల భాగస్వామ్యంతో ప్రారంభమైన పరిరక్షణ పనులు 2024లో పూర్తయ్యాయి. సముదాయంలోని ప్రాచీన మెట్లబావులను పూడిక తీసి పునరుద్ధరించగా, ఆ కృషికి 2022లో యునెస్కో ఆసియా - పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. పునరుద్ధరించిన బావులలో తిరిగి నీరు నిలవడం, ఆ నీరు ఉద్యానవనాల పోషణకు ఉపయోగపడటం గమనార్హం. ఆషాఢమాసంలో నగరమంతటా జరిగే బోనాల ఉత్సవాలు ఏటా గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారికి తొలి బోనం సమర్పించడంతోనే ఆరంభమవుతాయి.

పురానాపూల్ - చార్మినార్ :

గోల్కొండ జనాభా పెరిగి, నీటి ఎద్దడి ఏర్పడిన దశలో కుతుబ్‌షాహీలు మూసీ నది దాటి విస్తరించవలసి వచ్చింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో నిర్మితమైన పురానాపూల్ ఈ విస్తరణకు తొలి మెట్టు. అంటే నగరం కంటే ముందే నగరానికి దారి తీసే వంతెన వెలసినదన్నమాట. నేడు ఈ వంతెన కూరగాయల విపణిగా ఉపయోగపడుతున్నది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరానికి శంకుస్థాపన చేశారు. నగర ప్రణాళికకు చార్మినార్ కేంద్ర బిందువు. దాని నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరుచుకొని నాలుగు రాజవీథులకు ద్వారాలుగా నిలిచాయి. పై అంతస్తులో మసీదు ఉన్నది. ఉత్తరాన కొద్ది దూరంలో చార్ కమాన్ పేరిట నాలుగు కమానులు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి కుండం ఉన్నాయి. ఈ కొత్త నగరంలోనూ కూడలి మధ్యన నీటికే స్థానం లభించింది.

చార్మినార్ నిర్మాణానికి మహమ్మారి వ్యాధి నివారణే కారణమన్న కథ, భాగమతి పేరిట భాగ్యనగరం ఏర్పడిందన్న కథ బహుళ ప్రచారంలో ఉన్నవి. వీటిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. చార్మినార్ నుండి గోల్కొండకు సొరంగం ఉన్నదన్న కథనానికి సైతం నిర్ధారిత ఆధారం లేదు. కనుక వార్తలలోను, అతిథులకు ఇచ్చే వివరణలలోను వీటిని ప్రతీతిగా పేర్కొనడమే సముచితం.

చార్మినార్ చుట్టుపక్కల అర కిలోమీటరు పరిధిని కాలినడకన చూడటమే ఉత్తమం. నైరుతి దిశలో మక్కా మసీదు ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలో ప్రారంభమైన ఈ కట్టడం మొగలుల ఆధిపత్యం వచ్చాక, 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది. ఒక రాజవంశం ఆరంభించిన నిర్మాణాన్ని ఆ వంశాన్ని ఓడించిన చక్రవర్తి ముగించడం విశేషం. పడమర వైపు లాడ్ బజార్‌లో లక్క గాజుల తయారీ నేటికీ కుటుంబ వృత్తిగా కొనసాగుతున్నది. నిప్పు సెగపై లక్కను మెత్తబరచి, వలయంగా చుట్టి, అద్దపు తునకలు ఒక్కొక్కటిగా పొదిగే ఈ పనికి 2024లో హైదరాబాదు లక్క గాజుల పేరిట భౌగోళిక గుర్తింపు లభించింది. పత్తర్‌గట్టీలోని రాతి కమానుల దుకాణ సముదాయం, బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలోని రంగు పలకల అలంకరణ, అసఫ్‌జాహీల దర్బారు వేదిక అయిన చౌమహల్లా ప్యాలెస్ ఈ ప్రాంతంలో తప్పక చూడదగినవి. చౌమహల్లా పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది.

పాతబస్తీ సందర్శన కేవలం కట్టడాల సందర్శన కాదు. ఇరుకు వీథులలో వేలాది కుటుంబాలు నివసిస్తూ, వ్యాపారం చేసుకొంటున్నాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద ఒక భవనంలో సంభవించిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోవడం అత్యంత విషాదకరం. దిగువన దుకాణాలు, పైన నివాసాలు, రాకపోకలకు ఇరుకు మార్గం గల పాత భవనాలలో అగ్నిమాపక భద్రత ఎంత అవసరమో ఈ సంఘటన చాటినది. వారసత్వ పరిరక్షణ అంటే గోడలను కాపాడటం మాత్రమే కాదని, ఆ గోడల మధ్య నివసించే వారిని కాపాడటం కూడానని గుర్తించవలసి ఉన్నది.

చార్మినార్‌కు నైరుతి దిశలో, నెహ్రూ జంతు ప్రదర్శనశాల సమీపంలో మీర్ ఆలం చెరువు ఉన్నది. 19వ శతాబ్ది తొలి దశకంలో నిర్మితమైన దీని ఆనకట్ట 21 అర్ధవలయాకార కమానులను వరుసగా పేర్చినట్లు ఉంటుంది. అనేక కమానులతో ఆనకట్ట నిర్మించిన తొలి ఉదాహరణలలో ఒకటిగా ఇంజనీర్లు దీనిని పరిగణిస్తారు. పాతబస్తీకి చాలాకాలం తాగునీరు ఇచ్చినది ఈ చెరువే.

మూసీ తీరం :

1908 సెప్టెంబరు 28 నగర చరిత్రలో మరువరాని దినం. ఎగువన కురిసిన కుంభవృష్టికి చెరువులు తెగి, మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ పరిసరాలను ముంచెత్తింది. సుమారు 15,000 మంది మరణించినట్లు అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వరద సాక్షిగా ఆ చెట్టు నేటికీ నిలిచి ఉన్నది. ఆసుపత్రికి వచ్చే వేలాది మంది దాని నీడన సేదతీరుతున్నప్పటికీ, దాని కథ తెలిసిన సందర్శకులు స్వల్పం.

వరద అనంతరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా స్వీకరించింది. ఆయన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు 1920వ దశకంలో రూపుదిద్దుకున్నాయి. వరద నివారణకు ఉద్దేశించిన ఈ జలాశయాలు నగరానికి తాగునీటిని సైతం అందించాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి విశాలమైన రహదారులు, కొత్త నివాస ప్రాంతాలు, విపణులు నిర్మించింది. నదికి ఇరువైపులా గల హైకోర్టు, సిటీ కళాశాల, ఉస్మానియా ఆసుపత్రి ఈ పునర్నిర్మాణ యుగానికి చెందినవే. వీటి రూపకల్పనలో ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ప్రముఖ పాత్ర వహించారు. 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనాన్ని నయాపూల్ వంతెనపై నుండి చూసినట్లయితే, ఒక విపత్తు తర్వాత ఒక నగరం ఏ విధంగా తన ముఖాన్ని నది వైపు తిప్పుకున్నదో అర్థమవుతుంది.

అదే తీరాన సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన కళాఖండాలతో 1951లో దివాన్ దేవిడీలో ప్రారంభమై, 1968లో ప్రస్తుత భవనంలోకి మారింది. మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం, గంట గంటకూ బొమ్మ వచ్చి గంట మోగించే గడియారం ఇక్కడి ప్రధాన ఆకర్షణలు.

ఈ తీరం నేడు కీలక దశలో ఉన్నది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వర్షపు నీరు చేరడంతో రోగులను ఇతర భవనాలకు తరలించవలసి వచ్చింది. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు సముదాయానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ప్రధాన సంస్థలు తరలిన తర్వాత ఈ చారిత్రక భవనాలను దేనికి, ఎట్లా వినియోగించాలన్నది నగరం ముందున్న ముఖ్యమైన ప్రశ్న. వాడుకలో లేని భవనం తొందరగా శిథిలమవుతుందన్నది పరిరక్షణ నిపుణుల అనుభవం.

కోఠి - సుల్తాన్ బజార్ :

మూసీకి ఉత్తర తీరాన బ్రిటిష్ రెసిడెన్సీ కేంద్రంగా ఏర్పడిన ప్రాంతం కోఠి. రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ కాలంలో 19వ శతాబ్ది ఆరంభాన నిర్మితమైన రెసిడెన్సీ భవనం గ్రీకు శైలి స్తంభాలతో గంభీరంగా ఉంటుంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన ప్రజలు ఈ రెసిడెన్సీపై దాడి జరిపారు. దక్కన్‌లో ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామపు ముఖ్య ఘట్టమిది. స్వాతంత్ర్యానంతరం ఈ భవనం మహిళా కళాశాలకు నిలయమైంది. ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయంగా మారగా, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

రెసిడెన్సీ పరిధిలోని బజార్లు నిజాం ప్రభుత్వ అధికారానికి వెలుపల ఉండేవి. అందుచేత ఇక్కడ సభలకు, సంస్థలకు కొంత వెసులుబాటు లభించింది. తెలుగువారికి ఈ ప్రాంతంతో ప్రత్యేక అనుబంధం ఏర్పడటానికి ఇదొక కారణం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల కృషితో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజార్‌లో నేటికీ గ్రంథాలయంగా కొనసాగుతున్నది. తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి నాంది పలికిన సంస్థ ఇది. బట్టల దుకాణాల సందడి మధ్య సందర్శకులు దీనిని గమనించక ముందుకు సాగిపోతుంటారు. దేశ విదేశీ ప్రముఖుల పర్యటన పట్టికలో ఈ గ్రంథాలయానికి అరగంట కేటాయించడం అన్ని విధాలా సముచితం.

అబిడ్స్ - నాంపల్లి :

ఆల్బర్ట్ అబిద్ అనే వ్యాపారి దుకాణం పేరిట అబిడ్స్ ప్రసిద్ధమైంది. ఆదివారం నాడు ఇక్కడి కాలిబాటలపై వెలసే పాత పుస్తకాల విపణి నగర విద్యార్థులకు తరతరాలుగా సుపరిచితం. 1935లో నిర్మితమైన మొజంజాహీ మార్కెట్ రాతి కట్టడాన్ని మరమ్మతుల అనంతరం 2020 ఆగస్టులో పునఃప్రారంభించారు. దుకాణదారులను ఖాళీ చేయించకుండా, వాడుకలో ఉంచుతూనే చారిత్రక విపణిని బాగుచేయవచ్చునని ఈ పునరుద్ధరణ నిరూపించింది.

నాంపల్లిలో 1907లో రైల్వే స్టేషన్ ఏర్పడింది. సమీపంలోని పబ్లిక్ గార్డెన్స్‌లో శాసనసభ పాత భవనం, జూబ్లీ హాలు, ఈజిప్టు మమ్మీ గల రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఉన్నాయి. 1913లో పూర్తయిన శాసనసభ భవనం తొలుత ప్రజల విరాళాలతో నిర్మించిన టౌన్‌హాలు. 1938లో ప్రారంభమైన నుమాయిష్ ఏటా జనవరి, ఫిబ్రవరి మాసాలలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతున్నది. ఆ సమయంలో నగరానికి వచ్చే సందర్శకులు ఒక సాయంత్రాన్ని దీనికి కేటాయించుకోవడం మంచిది.

హుస్సేన్‌సాగర్ పరిసరాలు :

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1560వ దశకంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైన హుస్సేన్‌సాగర్, నగరం కంటే సుమారు మూడు దశాబ్దాలు పెద్దది. ట్యాంక్‌బండ్ అని వ్యవహరించే రహదారి వాస్తవానికి ఆ చెరువు కట్ట. హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలను కలిపినదీ, వేరుచేసినదీ ఈ కట్టే. కట్టపై తెలుగు ప్రముఖుల విగ్రహాలను 1986లో ప్రతిష్ఠించారు. చెరువు నడుమ గల ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని 1990 మార్చిలో తరలిస్తుండగా పడవ ఒరిగి ప్రాణనష్టం సంభవించింది. నీట మునిగిన విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించారు.

చెరువుకు దక్షిణాన నౌబత్ పహాడ్‌పై పాలరాతి బిర్లా మందిరం ఉన్నది. అదే తీరంలో 2023లో ప్రారంభమైన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ రాష్ట్ర సచివాలయం, 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, తెలంగాణ అమరవీరుల స్మారకం ఉన్నాయి. నాలుగున్నర శతాబ్దాల నాటి కట్టపై నిలబడి రాష్ట్ర పాలనా కేంద్రాన్ని చూడగలగడం ఈ ప్రాంత ప్రత్యేకత.

సికింద్రాబాదు :

హైదరాబాదు రాజధాని నగరం కాగా, సికింద్రాబాదు దండు నగరం. 1798 సంధి ప్రకారం నిజాం రాజ్యంలో నిలిపిన ఆంగ్ల సైన్యానికి హుస్సేన్‌సాగర్ ఉత్తరాన గుడారాలు వెలిశాయి. 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరిట దీనికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. లష్కర్ అన్న వాడుక పేరు సైతం సైన్యం నుండి వచ్చినదే. సైన్యం వెంట తమిళులు, పార్సీలు, గుజరాతీలు, ఆంగ్లో - ఇండియన్లు వచ్చి స్థిరపడ్డారు. అందువల్ల చర్చీలు, పార్సీ అగ్నిదేవాలయం, దేవాలయాలు, మసీదులు నడక దూరంలోనే కనిపిస్తాయి. మోండా మార్కెట్, జనరల్ బజార్, గడియార స్తంభం, పరేడ్ గ్రౌండ్ ఈ ప్రాంతపు ప్రధాన గుర్తులు.

ఉజ్జయినీ మహంకాళి ఆలయ చరిత్ర కూడా సైన్యంతోనే ముడిపడి ఉన్నది. ఉజ్జయినిలో పనిచేసిన సురిటి అప్పయ్య అనే సైనికోద్యోగి, కలరా నుండి ప్రజలు బయటపడితే స్వస్థలంలో అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకొని, 1815లో ఆ మొక్కు తీర్చుకున్నారని ఆలయ చరిత్ర. లష్కర్ బోనాలకు, రంగానికి ఈ ఆలయం ప్రసిద్ధి.

వైద్య చరిత్రలోనూ సికింద్రాబాదుకు సుస్థిర స్థానం ఉన్నది. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించే కీలక పరిశీలనను సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడే చేశారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పరిశోధన జరిపిన భవనం బేగంపేటలో ఉన్నది.

1874లో రైలు మార్గం చేరడంతో సికింద్రాబాదు వాణిజ్య కేంద్రంగా ఎదిగింది. స్టేషన్ ఆధునికీకరణలో భాగంగా, దశాబ్దాలుగా ప్రయాణికులకు ఆనవాలుగా ఉన్న పాత ముఖద్వార కట్టడాన్ని 2025లో తొలగించారు. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని 2023 మార్చి నుండి సాధారణ ప్రజల సందర్శనకు ఏడాది పొడవునా తెరిచి ఉంచుతున్నారు. రెండు నగరాల పురపాలక సంస్థలు 1960లో విలీనమయ్యాయి. పాత గ్రంథాలలో, పత్రాలలో సికింద్రాబాదును ప్రత్యేక నగరంగా పేర్కొనడానికి ఇదే కారణం.

బంజారాహిల్స్ - మాదాపూర్ :

లంబాడీల నివాసం కారణంగా బంజారాహిల్స్‌కు ఆ పేరు వచ్చింది. 20వ శతాబ్ది ప్రథమార్ధంలో నవాబు మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడి రాళ్లగుట్టలపై గృహం నిర్మించుకొని ఇతరులకు దారి చూపారు. అనంతరం జూబ్లీహిల్స్, చలనచిత్ర స్టూడియోలు వెలిశాయి. ఈ గుట్టల సహజ స్వరూపాన్ని చూడదలచినవారికి 1998లో ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం చక్కని అవకాశం కల్పిస్తున్నది.

పంజాగుట్ట సమీపంలోని ఇర్రమ్‌మంజిల్ భవనం ఇటీవలి పరిరక్షణ చరిత్రలో ప్రముఖంగా ప్రస్తావనకు వచ్చింది. శాసనసభ కొత్త భవనం నిమిత్తం దీనిని తొలగించాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని రాష్ట్ర హైకోర్టు 2019 సెప్టెంబరులో కొట్టివేసింది. నగరంలోని వారసత్వ కట్టడాలకు రక్షణ కల్పించిన నగరాభివృద్ధి సంస్థ 13వ నిబంధనను 2015లో ఉపసంహరించగా, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. వారసత్వ కట్టడాలపై వార్తలు రాసేవారు ఈ రెండింటి మధ్య గల తేడాను దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది.

మాదాపూర్‌లో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైటెక్ సిటీ శకం మొదలైంది. దేశంలోని వివిధ ప్రాంతాల చేతివృత్తుల వారికి వేదికైన శిల్పారామం సమీపంలోనే ఉన్నది. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన తీగల వంతెనను చూసేందుకు ప్రతి సాయంత్రం సందర్శకులు తరలివస్తున్నారు. ఆ వంతెన కింద ఉన్నది దుర్గం చెరువు. నాడు గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువు ఇదే. అత్యంత పురాతన ప్రాంతం, అత్యంత ఆధునిక ప్రాంతం ఒకే నీటికి ఇరుగుపొరుగని ఇక్కడ స్పష్టమవుతుంది.

సందర్శకులకు సూచనలు :

నగరాన్ని సంతృప్తికరంగా చూడటానికి కనీసం ఐదు రోజులు అవసరం. మొదటి రోజు గోల్కొండ, సమాధులు, కార్వాన్; రెండవ రోజు చార్మినార్ పరిసరాలు; మూడవ రోజు మూసీ తీరం, కోఠి, సుల్తాన్ బజార్; నాల్గవ రోజు నాంపల్లి, హుస్సేన్‌సాగర్; ఐదవ రోజు సికింద్రాబాదు, సాయంత్రానికి మాదాపూర్ సందర్శించవచ్చును. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌లకు శుక్రవారం సెలవు. గోల్కొండ కొండ ఎక్కడానికి ఉదయం వేళ, చార్మినార్ విపణులకు సాయంత్రం వేళ అనుకూలం.

2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు పేట నుండి పేటకు వెళ్లడానికి అనువైన సాధనం. మియాపూర్ - ఎల్.బి.నగర్ మార్గంలో ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి స్టేషన్లు, నాగోల్ - రాయదుర్గం మార్గంలో సికింద్రాబాద్, పరేడ్ గ్రౌండ్, బేగంపేట, దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్లు ఉన్నాయి. ఈ రెండు మార్గాలు అమీర్‌పేటలో కలుస్తాయి. పాతబస్తీకి వెళ్లేవారు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద దిగి, నయాపూల్ మీదుగా పత్తర్‌గట్టీ దారిన నడిచి వెళ్లినట్లయితే నదిని, హైకోర్టును, చార్ కమాన్‌ను వరుసగా చూడగలుగుతారు.

ప్రాంతాన్ని బట్టి ఆహారపు అలవాట్లు మారడం గమనించవచ్చు. రంజాన్ మాసంలో లభించే హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మాత్రం అన్ని పేటలలోనూ లభిస్తాయి. ప్రార్థనా స్థలాలలో ఆచార మర్యాదలు పాటించడం, నివాస వీథులలో అనుమతి లేకుండా ఛాయాచిత్రాలు తీయకపోవడం సందర్శకుల కనీస బాధ్యత.

నీటితోనే భవిష్యత్తు :

నగరం నీటిని మరచిన ప్రతిసారీ నీరు తనను తాను గుర్తు చేసుకొన్నది. 1908 తర్వాత 112 ఏళ్లకు, 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు చెరువులు తెగి అనేక కాలనీలు నీట మునిగాయి. చెరువుల ఆక్రమణలను నిరోధించే బాధ్యతతో 2024లో హైడ్రా సంస్థ ఏర్పడింది. మూసీ పునరుజ్జీవనంపై చర్చ కొనసాగుతున్నది. ఈ చర్చలో నది ఒడ్డున నివసిస్తున్న పేద కుటుంబాల పునరావాసం, నది సహజ ప్రవాహం, తీరాన గల చారిత్రక భవనాల రక్షణ - మూడూ సమాన ప్రాధాన్యం గల అంశాలే.

సందర్శకుడు ఒక పేట నుండి మరొక పేటకు వెళ్లేటప్పుడు ఏ చెరువు కట్టపై నుండో, ఏ వంతెన మీదుగానో ప్రయాణిస్తున్నాడు. ఆ కట్ట ఎందుకు వేశారో, ఆ వంతెన ఎప్పుడు కట్టారో తెలిసినప్పుడు దర్శనం సార్థకమవుతుంది. ఆ సమాచారాన్ని సక్రమంగా అందించవలసిన బాధ్యత పాత్రికేయులపైన, అధికారులపైన ఉన్నది. పేట పేరు వెనుక గల కారణం ప్రజలకు తెలిసినంత కాలం ఆ పేటను కాపాడుకోవాలన్న ఆలోచన కూడా నిలిచి ఉంటుంది.